ఎడమ కిడ్నీ ధర్మవరంలో ఉంది

హిందూపురం స్కానింగ్ సెంటర్లో డాక్టరు నా ఎడమ పక్కన జిగురు రాసి, సబ్బుబిళ్ళంత యంత్రాన్ని అటూ ఇటూ తిప్పి తిప్పి, చివరికి మెల్లగా అన్నాడు.

"ఎడమ కిడ్నీ కనపడలేదమ్మా."

"కనపడదప్పా. అది ధర్మవరంలో ఉండాది."

అతను నా మొహంలోకి చూశాడు. ఈవిడకేమైనా తిక్కా అనుకున్నట్టున్నాడు. పన్నెండేళ్ళ కింద నా ఎడమ కిడ్నీ తీసి మా తమ్ముడికి పెట్టారనీ, వాడు ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడనీ, మిగిలిన ఒక్కదాన్నీ ఏడాదికోసారి చూపించుకోవడానికి వస్తాననీ చెప్పాను. అప్పుడు నవ్వాడు. ఆ నవ్వు మొహాన ఉండగానే కుడి పక్కకు వచ్చాడు. వచ్చి ఆగాడు. ఊపిరి బిగబట్టమన్నాడు, వదలమన్నాడు, మళ్ళీ బిగబట్టమన్నాడు. నేను పెనుకొండ హైస్కూల్లో తెలుగు పంతులమ్మను. అబద్ధం చెప్పబోయే పిల్లవాడి మొహం ఎట్లా ఉంటుందో, వాడు నోరు తెరవకముందే తెలుస్తుంది నాకు.

"ఏముండాదప్పా ఆడ?"

"ఏం లేదమ్మా. ఒకసారి సీటీ తీయించుకుంటే మంచిది. బయట సార్ ఉన్నారా? కొంచెం పిలుస్తారా?"

"నువ్వు చూస్తాండేది సార్ కిడ్నీ కాదు కదా. నాదే. నాకే చెప్పు."

చెప్పాడు. ఉన్న ఒక్క కిడ్నీ మీద నిమ్మకాయంత గడ్డ. సీటీ తీశాక దాని పేరు కూడా తేలింది.

ఆ పేరు పలకడానికి మా ఇంట్లో ఎవరికీ నోరు రాలేదు. మా ఆయన హిందూపురంలో పట్టుగూళ్ళ వ్యాపారం చేస్తాడు. మార్కెట్లో గూళ్ళ ధర దగ్గర నలుగురి నోళ్ళు మూయించే మనిషి, ఇంటికొచ్చి "ఆ జబ్బు" అనీ, "అది" అనీ నసిగాడు. స్టాఫ్‌రూములో నేను అడుగు పెడితే మాటలు ఆగిపోయేవి. తోటి టీచరు ఒకామె నా చేయి పట్టుకుని, "ఏదో నీటిగడ్డ అంట కదా మేడమ్, మా మరదలికీ అట్లే వచ్చి కరిగిపోయింది" అంది.

"నీటిగడ్డ కాదమ్మా, క్యాన్సర్. క్యా, న్స, ర్. ద్విత్వం కాదు, సంయుక్తం. నోరారా అనండి, అంటుకోదు" అన్నాను.

ఆమె చేయి వదిలేసింది. నాకు ఎందుకో హాయిగా అనిపించింది. ఒళ్ళు నాది, జబ్బు నాది, దాని పేరు పలకడానికి నేనెవరి అనుమతి అడగాలి?

బెంగళూరులో ఒక డాక్టరమ్మను చూశాం. ఆమె కన్నడంలో అడుగుతుంది, నేను తెలుగులో చెబుతాను. హిందూపురం వాళ్ళకు అది మామూలే. ఆమె తెల్లకాగితం మీద చిక్కుడుగింజలాంటి బొమ్మ గీసి, దాని కింది కొసన చిన్న సున్నా చుట్టింది. ఇంకొకరికైతే మొత్తం కిడ్నీ తీసేయవచ్చు, రెండోది ఉంటుంది గనక. నాకు ఆ వీలు లేదు. గడ్డ వరకే కోసి, మిగతాది మళ్ళీ కుట్టాలి. కోసేంతసేపూ రక్తం రాకుండా నాళాన్ని బిగించి పెట్టాలి. ఎక్కువసేపు బిగిస్తే కిడ్నీ చచ్చిపోతుంది. అందుకని రోబోతో చేస్తానంది. చేతివేళ్ళు తిరగని సందుల్లో కూడా దాని వేళ్ళు తిరుగుతాయట.

"ఒకవేళ లోపల చూశాక గడ్డ ఇంకా లోతుకు పోయుంటే, లేదా రక్తం ఆగకపోతే, మొత్తం తీయాల్సి రావచ్చు. అప్పుడిక డయాలసిస్సే" అని కూడా చెప్పింది. దాచలేదు. అందుకే ఆమె నాకు నచ్చింది.

డయాలసిస్ అంటే నాకు పుస్తకంలో మాట కాదు. మా తమ్ముడు అనంతపురం పోయి వారానికి మూడుసార్లు ఆ మిషను పక్కన పడుకున్న రోజులు చూశాను. ముంజేయి సొరకాయలా ఉబ్బేది. నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలించి ఉమ్మేసేవాడు, మింగే యోగం లేక. అట్లా బతకాలంటే నాకూ భయమే. కానీ నా భయం అక్కడితో ఆగలేదు. నాకు ఉన్న ఒక్కటీ పోతే, నేనెట్లాగో మిషను పక్కన బతుకు ఈడుస్తాను. వాడు బతకడు. నా కిడ్నీతో తిరుగుతూ, నేను మిషను పక్కన పడుకోవడం చూస్తూ, వాడు ఒక్క ఏడాది కూడా బతకడు. ఆ సంగతి నాకు తెలిసినంత ఖాయంగా ఏ డాక్టరుకూ తెలియదు.

మా ఇంట్లో రోబో అంటే పెద్ద పంచాయితీ అయింది. మేము చేనేతవాళ్ళం. మా పుట్టింట్లో "మర" అన్నది తిట్టు. మరమగ్గం మీద గంటల్లో దొర్లించిన చీరను చేనేత అని అమ్మి మా కడుపులు కొట్టిన రోజులు అందరికీ గుర్తే. మా పిన్నమ్మ ఫోన్లో ఒకటే గోల.

"మరబొమ్మ కోస్తాదంట కదే! మనుషులే లేరా ఆ బెంగళూర్లో? కరెంటు పోతే ఎట్లనే? సగం కోసినాక పోతే?"

నవ్వొచ్చింది గానీ, రెండోసారి పోయినప్పుడు ఆ మాటే డాక్టరమ్మను అడిగాను. మా ప్రాంతంలో పుట్టినవాళ్ళు ఎవరైనా ముందు కరెంటు సంగతే అడుగుతారు. ఆమె నవ్వి, కరెంటు పోదు, పోయినా ఆగదు, ఆగినా నేనున్నాను, చేత్తో చేస్తాను అంది. తన సెల్‌ఫోన్లో ఒక వీడియో చూపించింది. పేషెంటు ఒక బల్ల మీద. ఆమె మాత్రం మూలన ఒక పెట్టెలో తలదూర్చి, నడుం వంచి కూర్చుంది. రెండు చేతుల వేళ్ళూ రింగుల్లో ఆడుతున్నాయి. కాళ్ళు కింద పలకల్ని ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతున్నాయి.

"ఇదేం మర మేడమ్? మా గుంత మగ్గం కదా!" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. మా ఆయన పూనుకుని, మా నేతగాళ్ళు కాళ్ళు గుంతలో పెట్టుకుని కాలిపలకలు తొక్కుతూ చేతుల్తో అడ్డపోగు నడిపే నాడె ఆడిస్తారని కన్నడంలో చెప్పాడు. ఆమె కిలకిలా నవ్వింది. నాకు మాత్రం ఆ క్షణంలో ధైర్యం వచ్చింది. కాళ్ళూ చేతులూ కలిసి పని చేసేవాళ్ళ దగ్గర పోగు తెగదు, తెగినా అతుకు పడుతుంది. ఇది శాస్త్రం కాదు, మా నాయన చెప్పిన మాట.

ఇక మిగిలింది తమ్ముడికి చెప్పడం. డాక్టరమ్మ చెప్పి తీరాలంది. నా ఒంట్లోంచి పోయిన కిడ్నీ వాడి ఒంట్లో ఉంది కాబట్టి, దాన్నీ ఒకసారి స్కాన్ చేయాలట. మా ఆయన వద్దన్నాడు. "ఆపరేషన్ కానియ్. బాగున్నప్పుడు చెప్తాం. ముందు చెప్తే వాడు అన్నం మానేస్తాడు." నేను కూడా ఊరుకున్నాను. కానీ మా పిన్నమ్మకు చెప్పి, తమ్ముడికి చెప్పొద్దనడం ఎంత తెలివితక్కువతనం! ఆమె ఉండేది ధర్మవరంలోనే, వాడి ఇంటికి రెండు వీధుల అవతల. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు.

ఆపరేషన్ రోజు పొద్దున. గాజులు తీశారు, మెట్టెలు తీశారు. తాళి తీయమంటే మా ఆయన తానే ముడి విప్పి తీసి చొక్కా జేబులో పెట్టుకుని, జేబు మీద చేయి వేసుకుని నిలబడ్డాడు. ఆకుపచ్చ గౌను తొడిగారు. స్ట్రెచర్ వచ్చింది. అప్పుడు కింద బిల్లింగ్ కౌంటర్ నుంచి ఫోన్. మీ పేషెంటు తమ్ముడంట, ఏదో వాపసు కావాలని గొడవ చేస్తున్నాడు, ఎవరన్నా రండి అని.

జరిగింది ఇది. మా తమ్ముడు తెల్లవారి రైలుకు దిగి, ఆస్పత్రి ముందు కౌంటర్లో తన చీరల బేరం కన్నడంలో, "కిడ్నీ వాపస్ కొడోకె బందిదీని" అన్నాడు. కిడ్నీ తిరిగి ఇవ్వడానికి వచ్చాను అని. ఆ అమ్మాయికి వినబడింది వాపసు ఒక్కటే. వాపసు అంటే డబ్బులు వెనక్కి అడిగేవాళ్ళనుకుని బిల్లింగ్‌కు పంపింది. అక్కడ రసీదు ఏదని అడిగారు. "కిడ్నీకి రసీదేందప్పా?" అని వీడు అరిచాడు.

మా ఆయన పోయి పైకి తీసుకొచ్చాడు. తెల్లపంచె, తడి ఆరని తల, నుదుట విభూది. రాత్రి నుంచి ఏమీ తినలేదట, ఆపరేషన్‌కు ఖాళీ కడుపు ఉండాలని. నన్ను గౌనులో చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"నీది నీకు ఇచ్చేకి వచ్చినా అక్కా" అన్నాడు.

నాకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆ మాట వెనక ఉన్న కథ మా ఇద్దరికే తెలుసు. పన్నెండేళ్ళ కింద నేను కిడ్నీ ఇస్తానంటే వీడు చచ్చినా ఒప్పుకోలేదు. మా ఇళ్ళలో ఆడబిడ్డకు పెట్టాలే గానీ ఆడబిడ్డ దగ్గర తీసుకోకూడదు. పుట్టింటికొస్తే చీర పెట్టి, ఒడినింపి పంపాలి. ఆమె సొత్తు తిన్న ఇల్లు బాగుపడదంటారు. "అక్క కిడ్నీ తీసుకోని బతికినాడని ఊళ్ళో అనిపించుకునే దానికన్నా పోతాను" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. బతిమాలాను, తిట్టాను, మా అమ్మ ఫొటో తెచ్చి ముందు పెట్టాను. ఉహూఁ. చివరికి ఒళ్ళు మండి అన్నాను. "నీకు ఊరికే ఎవురిస్తామన్నార్రా? చేబదులు. పక్కింట్లో గ్లాసు చక్కెర తెచ్చుకోమూ? అట్ల. నాకు అక్కర పడిన నాడు అడిగి తీసుకుంటా." చేబదులు అన్న మాట వినగానే వాడు ఇటు తిరిగాడు. చేబదులు తీసుకోవడంలో తప్పు లేదు. అది ఇరుగుపొరుగుల మర్యాద. ఆ ఒక్క మాట మీద ఒప్పుకున్నాడు.

నేను ఆ మాటను మరుక్షణం మరిచిపోయాను. వాడు మరవలేదు. పన్నెండేళ్ళుగా ఆ కిడ్నీని పరాయి సొత్తులా మోశాడు. నేను వాడి గుమ్మంలో అడుగు పెడితే మగ్గం గుంతలోంచి లేచి నిలబడేవాడు. నేను మంచం మీద కూర్చుంటే వాడు నేల మీద కూర్చునేవాడు. చిన్నప్పుడు జుట్లు పట్టుకుని కొట్టుకున్నవాళ్ళం. ఆపరేషన్ తర్వాత వాడు నాతో ఒక్క మాట ఎదురు చెప్పలేదు. నేను తప్పు మాట్లాడినా "సరే అక్కా" అనేవాడు. తమ్ముడు పోయి ఇంటికి ఒక భక్తుడొచ్చినట్టయింది. నాకు భక్తులు అక్కర్లేదు.

"మాత్రలు ఏసుకున్నావా?" అని అడిగాను.

ఒంట్లో పెట్టిన కిడ్నీని ఒళ్ళు పరాయిదని తోసేయకుండా వాడు జీవితాంతం, పూట తప్పకుండా వేసుకోవలసిన మాత్రలవి.

"నిన్నే. ఏసుకున్నావా?"

"నిన్న మాపటి నుంచి లేదక్కా. ఎట్లాగూ ఇచ్చేసేదే కదా."

అప్పుడు వచ్చింది నాకు కోపం. అంత కోపం నాకు జబ్బు మీద రాలేదు, దేవుడి మీద రాలేదు. స్ట్రెచర్ మీద లేచి కూర్చున్నాను. చేతికి గుచ్చిన సూది లాగింది.

"నీకు బుద్ధుండాదా? ఒకరి ఒంట్లోంచి తీసి, ఇంకొకరి ఒంట్లో పెట్టి, మళ్ళీ తీసి మొదటోళ్ళకి పెట్టేకి అదేమన్నా సైకిల్ పంపా? పో, ముందు మాత్రలు మింగు."

"నువ్వే కదక్కా చేబదులన్నావు. అడిగేదాకా చూడకూడదు. అడగక ముందే ఇయ్యాల. తీసుకున్నోనికి ఆ మాత్రం మర్యాద ఉండాల."

"ఆ మాట నిన్ను ఒప్పించేకి అన్నాన్రా తిక్కోడా!"

"నేను దాని మీదనే ఒప్పుకున్నా."

వాడి వైపు న్యాయం వాడికుంది. అయినా నేను తగ్గలేదు, తగ్గితే పోతాడు.

"అయితే విను. నువ్వు మాత్రలు మింగేదాకా నేను లోపలికి పోను. ఈ గడ్డను ఇట్లే పెంచుకుంటా. క్యాన్సర్ ఒళ్ళంతా పాకనీ. చూస్తా కూచో" అని స్ట్రెచర్ కమ్మీ పట్టుకున్నాను.

నర్సు గడియారం చూసింది. మా ఆయన "ఏమప్పా, ఆమె సంగతి నీకు తెలుసు కదా, అన్నంత పనీ చేస్తాది" అని వాడి భుజం పట్టుకుని గొణిగాడు. స్ట్రెచర్ తోసే మనిషి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లోపలి నుంచి ఎందుకు ఆలస్యమని కబురొచ్చింది. తమ్ముడు తలొంచుకుని ఏడ్చాడు. నేను ఏడవలేదు, ఏడిస్తే ఓడిపోయేదాన్ని. ఆఖరికి డాక్టరమ్మే వచ్చింది. సంగతి విని, కొంచెం కూడా నవ్వకుండా, అదే ఆస్పత్రిలో కిడ్నీ డాక్టరును పిలిపించి వాడి మాత్రలు తెప్పించింది. వాడు నా కళ్ళ ముందర మింగాడు. నోరు తెరిచి చూపించమన్నాను. చూపించాడు. అప్పుడు పడుకుని, "ఇంక పదండి" అన్నాను.

లోపల రోబోను చూశాను. ప్లాస్టిక్ కప్పిన నాలుగు చేతులు పైకి మడిచి నిలబడి ఉంది. దాన్ని చూసి భయపడమని నా మనసు చెప్పలేదు. మూలన పెట్టె దగ్గర డాక్టరమ్మ చెప్పులు విడిచి కూర్చోవడం ఒక్కటే చూశాను. తర్వాత ఏమీ తెలియదు.

మెలకువ వచ్చేసరికి కడుపు కంటే భుజం నొప్పి. కడుపులోకి గాలి పంపి ఉబ్బించి పని చేస్తారట, ఆ గాలి భుజాల కిందికి చేరుతుందట. పొట్ట మీద ఐదారు చిన్న గాట్లు, పక్కన ఒక గొట్టం, కింద మూత్రం సంచి. డాక్టరమ్మ వంగి చెవిలో చెప్పింది. గడ్డ వచ్చేసింది. కిడ్నీ నిలిచింది. నేను లోపల ఉండగా మా తమ్ముడికి కూడా స్కాన్ చేశారు. వాడిది శుభ్రంగా ఉంది.

ఆ మాటతో అంతా అయిపోయిందనుకుని మురిశాను. అవలేదు. మర్నాడు రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎక్కింది. అది ఎక్కడం అంటే కిడ్నీ సరిగ్గా వడకట్టడం లేదని. ఆ మర్నాడు ఇంకా ఎక్కింది. సంచిలో మూత్రం తగ్గింది. బిగించి పెట్టిన నాళం వల్ల దెబ్బ తిన్న కిడ్నీ తేరుకోవచ్చు, తేరుకోకపోవచ్చు, నాలుగు రోజులు డయాలసిస్ అవసరం పడొచ్చు అన్నారు. నేను భయపడ్డాను. దాచుకోవడం ఎందుకు? మా అమ్మను తలుచుకున్నాను.

తమ్ముడు మంచం పక్కన నేల మీద కూర్చుని ఆ సంచినే చూస్తున్నాడు. దేవుడి గది ముందర కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఎప్పటికో తల ఎత్తి అన్నాడు.

"అక్కా, ఇంగ నా మాట వినే. నాది తీసుకో."

"ఏమన్నావు?"

"నాది తీసుకో అంటిని."

"అద్దీ. నీది అని నీ నోటితోనే అన్నావు. నీదయితే నీ దగ్గరే పెట్టుకో. నాది ఎట్లుంటే అట్లుంటాది. అది ఆగిపోతే నేను మిషను పక్కన పడుకుంటా, చావను. నువ్వు వచ్చి నా పక్కన కూచోని చీరల కబుర్లు చెప్పు. అంతేగానీ ఇచ్చింది వెనక్కి తీసుకునే రకాన్ని కాదు నేను. ఆ దినం ఆ బల్ల మీద అది నీ ఒంట్లో మొదటి చుక్క కార్చిందే, ఆ దినం నుంచి అది నీది. చేబదులూ లేదు, చింతకాయా లేదు."

గొంతెత్తడానికి నా పొట్ట కుట్లు ఒప్పుకోలేదు గానీ, లేకపోతే ఇంకా అనేదాన్ని. తర్వాతి రోజు క్రియాటినిన్ లెక్క ఎక్కడిదక్కడే ఆగింది. ఆ పైన దిగడం మొదలుపెట్టింది. సంచి నిండింది. నర్సు దాన్ని మార్చడానికి వస్తే మా ఆయన "ఎంత, ఎంత?" అని పసిపిల్లవాడి బరువు అడిగినట్టు అడిగాడు. ఇంటికి పంపేశారు.

గడ్డను పరీక్షకు పంపితే క్యాన్సరే అని తేలింది. అంచుల్లో మాత్రం ఏమీ మిగల్లేదన్నారు. ఇక ఆరు నెలలకోసారి స్కాన్లు. మళ్ళీ రాదని ఎవరూ చెప్పరు, చెప్పమని నేనూ అడగలేదు.

పరామర్శలు మొదలయ్యాయి. జబ్బుకన్నా అవే ఎక్కువ బాధించాయి. అందరిదీ ఒకటే పాట. మా పిన్నమ్మ అయితే బొప్పాయిపండు తెచ్చి, మంచం మీద కూర్చుని, ముక్కు చీది, మనసులో మాట బయట పెట్టింది.

"ఏమైనా అనుకో పాపా. ఆ పొద్దు అది ఇయ్యకుండా ఉండింటే, ఈ పొద్దు ఇది పోయినా అది ఉండేది కదే. చేసిన మంచికి ఏం బావుకున్యావు?"

"ఆ పొద్దు ఇయ్యకపోయింటే, నువ్వు ఈ పండు తమ్ముని దినానికి తెచ్చేదానివి పిన్నమ్మా, ఏడేడా. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? కోసింది నన్ను. ఇచ్చింది నేను. నాకు లేదు బాధ. ఇంగొకసారి అడిగినా ఇస్తా. ఇచ్చేకి ఇంగోటి లేదు, అదొక్కటే నా చింత."

ఆమె పండు అక్కడే వదిలేసి పోయింది. మా ఆయన కోసి పెట్టాడు, బాగుంది.

బడికి పోవడం మొదలుపెట్టాక ఒక ఆదివారం ధర్మవరం బయలుదేరాను. బరువులు ఎత్తకూడదు, ప్రయాణాలు తగ్గించాలి, ఉప్పు తగ్గించాలి, నీళ్ళు బాగా తాగాలి అని నాకు ఆంక్షలు చాలా ఉన్నాయి. వాటిలో సగం పాటిస్తాను. రైల్లో నిలబడే పోయాను. తమ్ముడింట్లో మగ్గం చప్పుడు వీధి మొగదలకే వినబడింది. నేను గుమ్మంలోకి రాగానే ఆ చప్పుడు ఆగింది. నాకు ఎప్పటిలాగే మనసు చివుక్కుమంది. ఇంత చేసినా, ఇన్ని తిట్టినా, వీడింకా గుంతలోంచి లేచి నిలబడతాడు.

మరదలు అన్నం పెట్టింది. రాగిసంగటి, పప్పు. నాకోసం పప్పులో ఉప్పు తగ్గించి చేసింది, నోట పెట్టలేకపోయాను. పక్కనే ఊరగాయ జాడీ కనబడింది. కొత్త మామిడికాయ, పైన నూనె తేలుతోంది. మరదలు లోపలికి పోయిన అదను చూసి, ఒక ముక్క కాదు, రెండు ముక్కలు, కారం గుజ్జుతో సహా సంగటి మీద వేసుకున్నాను. ముద్ద కలిపి నోటి దాకా తెచ్చాను.

వాడు ఎప్పుడు చూశాడో, ఒక్క అంగలో వచ్చి, నా చేతిలో ముద్దను కొట్టినంత పని చేసి, కంచం లాగేశాడు.

"నీకు సిగ్గుండాదా? తెల్లెంట్రుకలొచ్చినాయి, పిల్లోళ్ళకు పాఠాలు చెప్తావు, బుద్ధి మటుకు రాలేదు! ఉండేది ఒకటి. దాంట్లో కూడా ముక్క కోసేసినారు. డాక్టరమ్మ ఉప్పు వద్దని నెత్తీ నోరు కొట్టుకోలేదా? రైల్లో నిలబడుకోని వస్తావా, సీటు అడిగేకి నోరు లేదా, నన్ను తిట్టేకి మటుకు ఊరంత నోరుండాది! తాగినావా నీళ్ళు పొద్దుటి నుంచి? తాగలేదు, నీ పెదవులు చూస్తే తెలుస్తాది. దొంగదానా!"

మరదలు వంటింటి గుమ్మంలో చేతిలో గరిటెతో అట్లే నిలబడిపోయింది. ఈ ఇంట్లో నాతో ఆ గొంతుతో ఎవరైనా మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు. నేను విని పన్నెండేళ్ళయింది.

నాకు ఒళ్ళు మండింది. ఆ మంట ఎంత బాగుందో చెప్పలేను.

"కంచం ఇయ్యిరా."

"ఇయ్యను."

"నాకు చెప్పేకి నువ్వెవురివిరా?"

"నీ తమ్ముణ్ణి!" అని వాడు ఇల్లు ఎగిరిపోయేట్టు అరిచి, నా పక్కనే మంచం మీద దబ్బున కూర్చుని, నా కంచంలో ఊరగాయ కలిపిన సంగటి నా ఎదురుగానే తినడం మొదలుపెట్టాడు. వాడికీ ఉప్పు వద్దన్నారు. నేను కంచం లాక్కున్నాను.